ప్రీసెట్ మారితే బాస్ మారదు

విశాఖలో గాజువాక నుంచి మధురవాడ దాకా ఏ వీధిలో వినాయక నిమజ్జనం ఊరేగింపు వెళ్ళినా, ఏ కాలేజీ ఫెస్ట్‌లో స్పీకర్లు కట్టినా పాటలు మారుతుంటాయి గానీ కింద మోగే బాస్ మాత్రం మారదు. జానపదం రీమిక్స్ అయినా, మొన్న విడుదలైన సినిమా పాట అయినా, అమ్మవారి పాట అయినా అదే గుండె అదిరే చప్పుడు. అదే చోట మొదలవుతుంది, అదే చోట ఆగుతుంది. ఎందుకిలా అని అడిగితే రెండు జవాబులు వస్తాయి. కంప్యూటర్ సంగీతం అంతే, దానికి ప్రాణం ఉండదని పెద్దవాళ్ళు అంటారు. మంచి ప్లగిన్లు కొనే స్తోమత మాకెక్కడిదని పాటలు చేసే కుర్రాళ్ళు అంటారు. రెండూ తప్పించుకునే మాటలే. సాఫ్ట్‌వేర్ బాస్ సింథసైజర్‌లో వైవిధ్యం దానిలో ఎన్ని ప్రీసెట్లు, అంటే ముందే తయారుచేసి పెట్టిన ధ్వనులు, ఉన్నాయన్నదాన్ని బట్టి రాదు. ఒక స్వరం పుట్టి ఆగిపోయేలోపు ఎలా మారుతుందన్నదాన్ని బట్టి వస్తుంది. ఆ మార్పును పట్టుకునే చెవి ఉత్తరాంధ్రకు కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు. ఎప్పటినుంచో ఉన్నదే, పాట చేసేటప్పుడు మాత్రం దాన్ని పక్కన పెట్టేస్తున్నాం.

డబ్బు సంగతి ముందు తేల్చేద్దాం. ఇంట్లో ల్యాప్‌టాప్ మీద పాటలు చేసేవాళ్ళలో చాలామంది వాడే ఎఫ్ఎల్ స్టూడియోలో త్రీ ఎక్స్ ఆస్క్ అనే చిన్న సింథ్ ఊరికే వస్తుంది. చూడ్డానికి బీదగా ఉంటుంది. ధ్వని పుట్టించే మూడు ఆసిలేటర్లు, ఒక్కోదానికి ఆరేడు రకాల వేవ్‌లు, కొన్ని నాబ్‌లు, అంతే. సర్జ్ అనే సింథ్‌ను 2018లో దాని తయారీదారు ఓపెన్ సోర్స్ చేశాడు. ఇప్పుడు సర్జ్ ఎక్స్‌టీ పేరుతో ఎవరైనా పైసా కట్టకుండా దించుకోవచ్చు. 2020లో వచ్చిన వైటల్‌కు కూడా ఉచిత వెర్షన్ ఉంది. అంటే పరికరాలకు కరువు లేదు. వాటిని వాడే పద్ధతిలోనే తేడా వస్తోంది. ప్లగిన్ తెరవగానే చెయ్యి ప్రీసెట్ల జాబితా మీదికి పోతుంది. ఒక్కోటీ నొక్కి వింటూ, చెవికి బరువుగా తగిలినదాన్ని పెట్టేసి ముందుకు వెళ్ళిపోవడమే. కర్రీ పాయింట్ నుంచి కూర తెచ్చుకున్నట్టు పని గడిచిపోతుంది. తప్పు కాదు, కానీ నాలుగు వీధుల వాళ్ళూ అక్కడే కొంటే నాలుగు ఇళ్ళలోనూ ఒకటే వాసన వస్తుంది.

ప్రీసెట్ ముట్టుకోకుండా ఎంత దూరం వెళ్ళవచ్చో చూడాలంటే అయిదు నోట్ల చిన్న బాస్ వరస ఒకటి చాలు. ఒకే ఆసిలేటర్, దానిలో సా వేవ్. ఈ వేవ్‌లో ఉపస్వరాలన్నీ ఉంటాయి కాబట్టి చెక్కడానికి సరుకు ఎక్కువ. లో పాస్ ఫిల్టర్ కటాఫ్‌ను 200 హెర్ట్జ్ దగ్గరికి దించితే గొంతు మూసుకుపోయి, గోడ అవతల ఎవరో వాయిస్తున్నట్టు ఉంటుంది. ఇప్పుడు ఫిల్టర్‌ను కాలంతో పాటు కదిలించే ఎన్వలప్‌ను కాస్త పెంచి, అది తగ్గే వ్యవధి అయిన డికేను 80 మిల్లీసెకన్లకు పెట్టండి. ప్రతి నోటు మొదట్లో ఫిల్టర్ టక్కున తెరుచుకుని మూసుకుంటుంది. వేలితో తీగ లాగిన బాస్ గిటార్ వినిపిస్తుంది. అదే డికేను 600కు పెంచితే నోరు తెరిచి మెల్లగా మూసినట్టు ‘వావ్’ అంటుంది. వాల్యూమ్ ఎన్వలప్‌లో అటాక్‌ను 100 మిల్లీసెకన్లకు జరిపితే దెబ్బ పోయి కమాను లాగుడు వస్తుంది. సస్టెయిన్ సున్నా చేసి డికే కురచ చేస్తే తోలు వాయిద్యం దగ్గరికి వస్తుంది. సా బదులు స్క్వేర్ పెడితే బేసి ఉపస్వరాలే మిగిలి గొంతు బోలుగా, క్లారినెట్ మంద్రంలా మారుతుంది. గట్టిగా నొక్కిన నోటుకు కటాఫ్ ఎక్కువ తెరుచుకునేలా వెలాసిటీని కలిపితే అయిదు నోట్లూ అయిదు రకాలుగా పలుకుతాయి. ఆఖరికి ఏ నాబూ తిప్పకుండా, నోట్ల పొడవు మాత్రం కత్తిరించి మధ్యలో ఖాళీ వదిలినా పాట నడక మారిపోతుంది. బాస్ గిటార్ వాయించేవాళ్ళు దీన్ని మొదటి నెలలోనే నేర్చుకుంటారు. మౌస్‌తో నోట్లు గీసేవాళ్ళు ఎందుకో దీన్ని పట్టించుకోరు, గళ్ళన్నీ నింపేస్తారు.

నాబ్‌లు తిప్పితే ఇంత తేడా వస్తుందా అని అనుమానపడేవాళ్ళకు చరిత్రలో గట్టి సాక్ష్యమే ఉంది. జపాన్ కంపెనీ రోలాండ్ 1980ల మొదట్లో టీబీ-303 అనే చిన్న వెండిరంగు పెట్టెను తెచ్చింది. పక్కన బాస్ వాయించే మనిషి లేని గిటారిస్టుకు తోడుగా ఉంటుందని దాని ఉద్దేశం. ఆ పనికి అది బొత్తిగా పనికిరాలేదు, దాని గొంతు బాస్ గిటార్‌లా లేదు. 1984కల్లా తయారీ ఆపేశారు. అందులో ఉన్నది ఒకటే ఆసిలేటర్, రెండే వేవ్‌లు, ధ్వనిని మార్చడానికి ఆరు నాబ్‌లు, ఒక నోటు నుంచి మరో నోటుకు జారే స్లైడ్, నొక్కి పలికే యాక్సెంట్. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతుంటే షికాగో కుర్రాళ్ళు కొనుక్కున్నారు. ఫ్యూచర్ అనే బృందం 1987లో తెచ్చిన ‘యాసిడ్ ట్రాక్స్’లో చేసిందల్లా ఒకే వరసను మళ్ళీ మళ్ళీ మోగిస్తూ నాబ్‌లు తిప్పుతూ పోవడమే. పన్నెండు నిమిషాలకు దగ్గరగా సాగే ఆ ట్రాక్‌లో స్వరాలు దాదాపు మారవు, స్వరం లోపలి రంగు మారుతుంది. దాని మీద యాసిడ్ అనే సంగీత ఒరవడే పుట్టింది. పాత 303 ఇవాళ లక్షల రూపాయలు పలుకుతుంది. దాని సాఫ్ట్‌వేర్ రూపం 1997లో రీబర్త్ అనే ప్రోగ్రామ్‌తో మొదలైంది, ఇప్పుడు ఎఫ్ఎల్ స్టూడియోలో ట్రాన్సిస్టర్ బాస్ పేరుతోనూ ఉంది.

షికాగో కంటే అయిదేళ్ళ ముందే ఈ పెట్టెను బొంబాయిలో ఒకాయన పలికించాడు. హిందీ సినిమా పాటలకు వాయించిన చరణ్‌జిత్ సింగ్ 1982లో పది రాగాలను డిస్కో దరువు మీద సింథసైజర్లతో వాయించి రికార్డు తెచ్చాడు. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్ళీ విడుదలయ్యాక యాసిడ్ సంగీతానికి ఆద్యుడు ఈయనేనా అని విదేశీ పత్రికలు ఆశ్చర్యపోయాయి. ఎవరు ముందన్న తగువు నాకు ముఖ్యం కాదు. జపాన్ వాళ్ళు గిటారిస్టు కోసం పెట్టిన స్లైడ్‌లో ఆయనకు రాగం జారుడు వినిపించింది, అదీ గమనించాల్సింది. ఆ పెట్టెలో రాగాల ప్రీసెట్ ఏదీ లేదు. ఆయన చెవిలో ఉంది.

మరి మన చెవిలో ఏముంది? శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో గ్రామదేవతల కథలు పాడే జముకుల కళాకారుల చేతిలో వాయిద్యాన్ని చూడండి. ఒక వైపు తోలు మూసిన డొల్ల, ఆ తోలు నడిమధ్య నుంచి బయటికి వచ్చిన తీగ. ఒక చేత్తో తీగను బిగిస్తూ వదులుతూ రెండో చేత్తో మీటుతారు. తెలంగాణలో ఎల్లమ్మ కథ చెప్పేవాళ్ళ జమిడిక కూడా ఈ కుటుంబమే. జముకులో స్వరం ఒకచోట నిలవదు. దెబ్బతో పుట్టి, బిగువు పెరిగితే పైకి, సడలితే కిందికి జారుతుంది, చటుక్కున ఆరిపోతుంది. కథలో కోపం వస్తే జారుడు కురచవుతుంది, దుఃఖం వస్తే సాగుతుంది. సింథసైజర్ భాషలో చెప్పాలంటే స్వరం జారే గ్లైడ్, పిచ్ ఎన్వలప్, కురచ డికే ఈ మూడింటినీ ఒక మనిషి రెండు చేతులతో ఏకకాలంలో నడుపుతున్నాడు. మృదంగం తొప్పికి కచేరీ ముందు పెట్టే రవ్వ ముద్ద ఎక్కువ తక్కువలతో మంద్రాన్ని సరిచేస్తారు. తబలాలో డగ్గా మీద మణికట్టు నొక్కి స్వరాన్ని వంచుతారు. కదలకుండా ఉన్నట్టనిపించే తంబురాలో కూడా, తీగల కింద దారం పోగు సరిగ్గా కూర్చోకపోతే ఆ ఝంకారం రాదు, శ్రోత ఊరుకోడు. మన సంగీతంలో కింది స్వరం ఎప్పుడూ కదిలే స్వరమే. కదలని బాస్ మనకు కొత్తగా వచ్చి చేరింది, దాన్నే ఇప్పుడు మాస్ బాస్ అంటున్నాం.

ఈ కదలికను సాఫ్ట్‌వేర్‌లో తేవడానికి పెద్ద విద్యేమీ అక్కర్లేదు. ట్రయాంగిల్ వేవ్, అటాక్ సున్నా, డికే 300 మిల్లీసెకన్లు. పిచ్ ఎన్వలప్‌తో నోటు కాస్త పైన పుట్టి వెంటనే కిందికి దిగేలా చేసి, గ్లైడ్ 120 మిల్లీసెకన్ల దగ్గర పెట్టి, కొద్దిగా డిస్టార్షన్ కలపాలి. ఇంకో చిన్న అడ్డంకి ఉంది. చాలా సింథ్‌లలో పిచ్ బెండ్ హద్దు రెండు అర్ధస్వరాల దగ్గర ఆగి ఉంటుంది. దాన్ని 12కు మారిస్తే స్వరం స్థాయి మొత్తం జారుతుంది. ఈ ఒక్క అంకె మార్చకపోవడం వల్ల మన జానపద రీమిక్స్‌లలో గాయకుడు గమకం వేస్తుంటే కింద బాస్ మెట్లు దిగుతున్నట్టు నడుస్తుంది. ఈ సెట్టింగ్‌లతో అచ్చం జముకు వస్తుందని నేననను. జముకు తెలిసిన చెవి నుంచి పుట్టిన కొత్త గొంతు ఒకటి వస్తుంది, మనకు కావలసిందీ అదే.

కంప్యూటర్ పరాయి వస్తువు, దానిలో ప్రాణం ఎక్కడి నుంచి వస్తుందన్న అభ్యంతరానికి విశాఖకు గంటన్నర దూరంలోని విజయనగరమే సమాధానం. యూరప్ నుంచి వచ్చిన వయొలిన్‌ను ఒళ్ళోకి దించి, శ్రుతులు మార్చి, గమకానికి అనువుగా మలుచుకున్నది దక్షిణాది. ఆ వాయిద్యం మీద ద్వారం వెంకటస్వామినాయుడు విజయనగరం సంగీత కళాశాలలో తరాలను తయారుచేశారు. వయొలిన్‌ను పరాయిదని ఇవాళ ఎవరూ అనరు. ఈ అభ్యంతరానికి తిరగేసిన రూపం ఒకటుంది, అది మరీ ముచ్చటగా ఉంటుంది. మనది ఉక్కు నగరం, ఓడరేవు నగరం కాబట్టి ఫర్నేస్ హోరు, ఓడ కూత రికార్డు చేసి పాటలో పెడితే విశాఖ బాస్ వచ్చేస్తుందట. స్టీల్‌ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న ఊరికి ఇలాంటి కవిత్వం తేలిగ్గానే ఎక్కుతుంది. ఇంగ్లండ్ ఉక్కు నగరం షెఫీల్డ్ కథ మాత్రం వేరేలా చెబుతుంది. 1989లో అక్కడ మొదలైన వార్ప్ రికార్డ్స్ మరుసటి ఏడాది ఎల్ఎఫ్ఓ అనే బృందం ట్రాక్ తెచ్చింది. సింథసైజర్‌లో స్వరాన్ని నెమ్మదిగా ఊపే భాగం పేరే ఆ బృందం పేరు. ఆ ఏళ్ళలో షెఫీల్డ్, లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్‌ల నుంచి వచ్చిన ట్రాక్‌లలో బాస్ ఒంటికి తగిలేంత లోతుగా ఉంటుంది. ఆ లోతుకు పెద్ద మూలం జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబాల వీధి సౌండ్ సిస్టమ్‌లు. కొలిమి చప్పుడు నేపథ్యంలో ఉండి ఉంటుంది. బాస్ ఎలా ఉండాలో నేర్పింది మాత్రం ఆ స్పీకర్ల ముందు నిలబడి విన్న చెవులు.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఫోన్. జనం పాటలు వినేది అరచేతిలోని స్పీకర్‌లో, అందులో బాస్ వినపడనే పడదు, ఇంత కష్టం ఎవరి కోసం? లెక్క చూద్దాం. బాస్ గిటార్ అట్టడుగు తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. గాలిలో ఆ అల పొడవు ఎనిమిది మీటర్ల పైమాటే. గోరంత స్పీకర్ దాన్ని పలికించలేదన్నది నిజమే. కానీ చెవి చిత్రమైనది. 41 అసలు లేకపోయినా దాని ఉపస్వరాలైన 82, 123, 164 వంటివి వరసగా తగిలితే, వాటి మధ్య ఎడాన్ని బట్టి అడుగున ఉండాల్సిన స్వరాన్ని మెదడు తనే పూరించుకుంటుంది. ఈ పైస్వరాలు సైన్ వేవ్‌లో ఉండవు. మన ఊరేగింపుల ప్రీసెట్లు ఎక్కువగా ఆధారపడింది ఆ సైన్ మీదే. అందుకే డీజే బాక్సుల ముందు దద్దరిల్లిన పాట ఫోన్‌లో బోసిపోతుంది. సా వేవ్‌తో మొదలుపెట్టి, ఫిల్టర్‌ను కదిలించి, పైన కాస్త డిస్టార్షన్ చేర్చిన బాస్ ఫోన్‌లోనూ బతుకుతుంది. కాబట్టి వైవిధ్యం కోసం చేసే పని ఏదో, ఫోన్ శ్రోత కోసం చేసే పనీ అదే. చెవులు చిల్లులు పడే స్పీకర్ల కంటే ఫోనే ఈ వాదానికి మంచి సాక్షి అని నేనంటాను.

బాస్‌లో రంగు లేనప్పుడు చేతికి దొరికేది వాల్యూమ్. మనిషి చెవి కింది స్వరాలకు మందం. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు దీన్ని కొలిచి చూపింది 1933లో, విశాఖ ఓడరేవు తెరుచుకున్న ఏడే. ఆ మందాన్ని దాటడానికి మనవాళ్ళు బాక్సు మీద బాక్సు పేరుస్తున్నారు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు హద్దు. అయితే ఆ కొలతకు వాడే ఏ-వెయిటింగ్ పద్ధతి 50 హెర్ట్జ్ దగ్గర శబ్దంలో 30 డెసిబెళ్ళు తగ్గించి లెక్కిస్తుంది. అంటే కిటికీ అద్దాలు వణికించే చప్పుడును మీటరు చాలా తక్కువగా చూస్తుంది, పక్కింటి ముసలాయన గుండె మాత్రం పూర్తిగా లెక్కిస్తుంది. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలనే నిషేధించేదాకా వెళ్ళారు. ఇలాంటి నిషేధాలకు డీజేలు తమ సంస్కృతి మీద దాడి అని పేరు పెడితే సానుభూతి చూపడం కష్టం. కదిలే బాస్‌ను చెవి తక్కువ శబ్దంలోనూ పట్టుకుంటుంది, వాల్యూమ్ ఒక్కటే ఆయుధమైన సంగీతానికే ఆ సౌకర్యం ఉండదు.

గడువుల సంగతీ ఉంది. రేపు పొద్దున్నకల్లా ట్రాక్ ఇవ్వాల్సిన కుర్రాడిని కూర్చుని ఎన్వలప్‌లు చెక్కమనడం అన్యాయమే కదా అనవచ్చు. ప్రీసెట్‌ను నిషేధించమని నేను చెప్పడం లేదు. దానితోనే మొదలుపెట్టినా డికే, గ్లైడ్, నోటు పొడవు ఈ మూడూ ఆ పాట కోసం సరిచేయడానికి పది నిమిషాలు చాలు. జనం బాస్ వినరు, వాళ్ళకు దరువు ఉంటే చాలన్న మాట మాత్రం ఒప్పుకోను. 1980లలో ఇళయరాజా పాటలు తెలుగునాట అంతగా నాటుకుపోవడంలో బాస్ గిటార్‌ది పెద్ద వాటా. గాయకుడి వరసకు కింద ఇంకో వరస స్వతంత్రంగా నడుస్తుంటుంది, పాట పాడలేనివాళ్ళు కూడా దాన్ని గొంతులో తీసేవారు. ఆ శ్రోతలూ వాళ్ళ పిల్లలూ ఇంకా ఇక్కడే ఉన్నారు.

ఇదంతా నేర్పేచోటు కావాలి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో సంగీత విభాగం ఉంది. ఇంజినీరింగ్ కాలేజీలు నగరం చుట్టూ ఉన్నాయి, అక్కడ ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు ఫిల్టర్‌నూ ఆసిలేటర్‌నూ పరీక్ష కోసం చదువుతున్నారు. ఒకరికి స్వరం తెలుసు, ఒకరికి సర్క్యూట్ తెలుసు. ఇద్దరినీ ఒక సెమిస్టర్ ఒకే గదిలో కూర్చోబెట్టడానికి కొత్త భవనం అక్కర్లేదు, ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. ఆ గదిలోకి జముకు వాయించే మనిషిని కూడా పిలవాలి. ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. ఆయన్ను గంటసేపు రికార్డు చేసుకుని, ముక్కలు కోసి, జముకు శాంపిల్ ప్యాక్ అని అమ్ముకునే దారి చాలా సులువు. అప్పుడు అదీ ఇంకో ప్రీసెట్ అయిపోతుంది, అన్ని ఊరేగింపుల్లోనూ ఒకేలా జారుతుంది, ఆయనకు చివరికి మిగిలేది ఆ రోజు ఆటో ఖర్చులు. హెడ్‌ఫోన్లు ఆయన చెవులకు పెట్టి, నాబ్ ఆయన చేతికిచ్చి, ఈ జారుడు ఎక్కడ ఆగాలో చెప్పమనాలి. స్టూడియోలో గిటారిస్టుకు ఇచ్చే రేటే ఆయనకూ ఇచ్చి, పాట వివరాల్లో వాయిద్యకారుల వరసలో పేరు వేయాలి.